సొంతంగా చేసిన గేమ్‌కి తిట్లు, విమర్శలు వస్తే ఏం చేయాలి

మీరు పర్లాకిమిడిలోనో, రాయగడలోనో, బరంపురంలోనో ఒక గదిలో ఇద్దరు ముగ్గురు కూర్చుని గేమ్ చేస్తున్నారనుకుందాం. వెనక కంపెనీ లేదు, కస్టమర్ కేర్ లేదు. ఆడినవాళ్లు రాసే ప్రతి మాటా నేరుగా మీ ఫోన్‌కే వస్తుంది. రెండేళ్లు నిద్ర మానుకుని చేసింది కూడా మీరే కాబట్టి ప్రతి మాటా గుచ్చుకుంటుంది. మేం అదంతా పడ్డాం. మీరు అంత పడకూడదని ఇది రాస్తున్నాను.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. నేనూ, మా పిన్ని కూతురూ కలిసి చేసిన గేమ్ నౌపడా నుంచి గుణుపురం దాకా ఒకప్పుడు నడిచిన చిన్న రైలు గురించి. 2004లో ఆ నారోగేజ్ లైను ఆపేసి బ్రాడ్‌గేజ్‌గా మార్చారు, 2011లో గుణుపురం దాకా పెద్ద రైలొచ్చింది. పాత బండి గురించి మా పెద్దవాళ్లలో కథ లేనివాళ్లు లేరు. గేమ్‌లో ఆడేవాళ్లు ఆ బండికి గార్డు. తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడింటిలోనూ పెట్టాం.

విడుదలైన రోజు రాత్రి పదకొండున్నరకి మొదటి తెలుగు రివ్యూ వచ్చింది. ఒక్క స్టార్. "తెలుగు రాయడం రాని వెధవలు తెలుగు గేమ్ చేస్తార్రా? ముందు బడికెళ్లండి." మా చెల్లి అది చదివి ల్యాప్‌టాప్ మూసేసింది. రెండు రోజులు తెరవలేదు. నేనేమో ఆ రాత్రే పెద్ద జవాబు రాశాను, మా తాతగారు తెలుగు మాస్టారని కూడా అందులో రాశాను. మూడో రోజు పొద్దున ఆ రివ్యూ మళ్లీ చదివాక గేమ్ తెరిచి తెలుగులో ఆడి చూశాను. రైలు పెట్టె మీద "స్త్రీలకు మాత్రమే" అని మేం రాసిన బోర్డు "స్‌త్‌రీలకు మాత్‌రమే" అని పడుతోంది. చివరి వారంలో బోర్డులన్నీ బొమ్మల నుంచి టెక్స్ట్‌కి మార్చాం. మార్చాక తెలుగులో ఒక్కసారైనా ఆడి చూడలేదు.

అతను తిట్టాడు, నిజమే. కానీ ఆ తిట్టులో పనికొచ్చే మాట ఒకటుంది, దాన్ని నేను మూడు రోజులు ఆలస్యంగా చూశాను. కింద రాసిన పద్ధతి అంతా ఆ మూడు రోజుల్ని తగ్గించడానికే.

విడుదలకు ముందు: ఇంటి అడ్రస్ సంగతి చూసుకోండి

ఇది చాలామంది ఆఖర్న చూస్తారు, మీరు ముందు చూడండి. గూగుల్ ప్లేలో వ్యక్తిగత ఖాతా తీస్తే మీ అసలు పేరు, దేశం, డెవలపర్ ఈమెయిల్ అందరికీ కనిపిస్తాయి. గేమ్‌ని డబ్బుకి అమ్మినా, లోపల కొనుగోళ్లు పెట్టినా పూర్తి చిరునామా కూడా కనిపిస్తుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లకి అదొక లెక్క. మన ఊళ్లలో వీధి పేరు చెబితే టీ కొట్టువాడే మీ గుమ్మం దాకా తీసుకొస్తాడు. సంస్థ పేరుతో ఖాతా తీస్తే సంస్థ చిరునామా కనిపిస్తుంది, దానికి డన్స్ నంబరు (సంస్థలను గుర్తించడానికి ఇచ్చే నంబరు) కావాలి, కాస్త సమయం పడుతుంది. గేమ్ పూర్తయ్యాక కాకుండా ఆరు నెలల ముందే ఆ పని మొదలుపెట్టండి.

గేమ్ కోసం వేరే ఈమెయిల్ తీయండి. మీ సొంత ఫోన్ నంబరు ఎక్కడా ఇవ్వకండి. ఇంట్లోవాళ్ల ఫొటోలు, ముఖ్యంగా పిల్లల ఫొటోలు ఉన్న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను విడుదలకు ముందే ప్రైవేట్ చేయండి. మా చెల్లి ఖాతాలో ఆమె కాలేజీ పేరు, హాస్టల్ పేరు ఉన్నాయి. అదృష్టం బాగుండి వాటిని ముందే తీసేసింది.

రెండోది, ఇంకా చేయనిది ఇస్తామని చెప్పకండి. బ్రిటన్‌లో హలో గేమ్స్ అనే చిన్న సంస్థ 2016లో నో మ్యాన్స్ స్కై విడుదల తేదీని కొన్ని వారాలు వాయిదా వేసినందుకే దాన్ని నడిపే సీన్ మరేకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఆగస్టులో గేమ్ వచ్చాక, ముందు ఇంటర్వ్యూల్లో చెప్పినవి కొన్ని అందులో లేవని ఇంకా పెద్ద గొడవైంది. బెదిరించినవాళ్లది నేరం, అందులో రెండో మాట లేదు. కానీ లేనిదాన్ని ఉందనుకుని డబ్బు పెట్టినవాళ్ల కోపం వేరు, అది న్యాయమైన కోపం. ఆ సంస్థ నెలల తరబడి మాట్లాడడం మానేసి పని చేసింది. నవంబరులో మొదటి పెద్ద అప్‌డేట్, 2018లో ఇంకో పెద్దది, ఇలా ఇచ్చుకుంటూ పోతే కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో ఆ గేమ్ మొత్తం రివ్యూలు "వెరీ పాజిటివ్" అయ్యేసరికి 2024 వచ్చింది. మనలాంటివాళ్లకి ఎనిమిదేళ్లు ఆగే స్తోమత ఎక్కడిది? అందుకని స్టోర్ పేజీలో చేతిలో ఉన్నదే రాయండి. "త్వరలో" అన్న మాటే వాడకండి.

ఇంకొకటి. చుట్టాల పిల్లలందరితో ఐదేసి స్టార్లు వేయించాలని అనిపిస్తుంది. వద్దు. అలాంటి రివ్యూలు గూగుల్ ప్లే, స్టీమ్ రెండు చోట్లా నిబంధనలకు విరుద్ధం. అదీకాక అసలు ఆడినవాళ్లు ఏమంటున్నారో మీకే వినపడదు.

చదివే మనిషి వేరు, జవాబిచ్చే మనిషి వేరు

రివ్యూ చదివేవాళ్లు, జవాబు రాసేవాళ్లు ఒకే రోజు ఒకే మనిషి కాకూడదు. మొత్తం గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఇద్దరుంటే వారం వారం మార్చుకోండి. ఒక్కరే చేస్తుంటే ఇంట్లో ఎవరినైనా అడగండి, వాళ్లకి గేమ్‌లు తెలియక్కర్లేదు. మా పెదనాన్నగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. చెల్లి రెండు రోజులు ల్యాప్‌టాప్ ముట్టనప్పుడు ఆయన వచ్చి పక్కన కూర్చుని, "ఏటమ్మా, ఏటన్నారు, సదువు" అన్నారు. నేను చదువుతుంటే విని ప్రతిదానికీ ఒకటే అడిగేవారు: "సరే, బండికేటైందంట?" తిట్టు సంగతి ఆయన అసలు పట్టించుకోలేదు. బండి ఆగిందా, బోర్డు తప్పా, కూత రాలేదా, అంతే. ఆ ప్రశ్నే మాకు పద్ధతి అయింది.

ఫోన్‌లో రివ్యూ నోటిఫికేషన్లు పూర్తిగా ఆపేయండి. పొద్దున టిఫిన్ అయ్యాక ఒక గంట, అంతే. విడుదలైన మొదటి వారం రోజుకి రెండుసార్లు చూడొచ్చు, గేమ్ తెరుచుకోవడమే లేదన్న ఫిర్యాదులు ఆలస్యం కాకూడదు కాబట్టి. రాత్రి తొమ్మిది తర్వాత మాత్రం ఎంత మంచి రివ్యూ వచ్చినా చూడకండి. మంచిది వెతుక్కుంటూ వెళ్తే చెడ్డదే ముందు కనిపిస్తుంది.

నోటుబుక్కులో ఎలా ఎక్కించాలి

కిరాణా కొట్లలో వాడే పొడుగు లెక్కల పుస్తకం ఒకటి కొనండి. ఎక్సెల్ షీట్ కూడా పనికొస్తుంది కానీ చేత్తో రాస్తుంటే తిట్టును తిరిగి రాయబుద్ధి కాదు. మాకు అదే మేలు చేసింది. నాలుగు గడులు గీయండి: ఏం జరిగింది, గేమ్‌లో ఎక్కడ, ఏ ఫోన్ లేదా ఏ భాష, ఎంతమంది అన్నారు. తిట్టుకి గడి లేదు.

మొదటి రివ్యూ మా పుస్తకంలో ఇలా ఎక్కింది: "బోర్డుల్లో ఒత్తులు విడిపోతున్నాయి / అన్ని స్టేషన్లు, పెట్టెలు / తెలుగు / 1". మర్నాటికి ఆ 1 పక్కన ఇంకో ఆరు గీతలు పడ్డాయి. ఒడియాలోనూ అదే, యుక్తాక్షరాలు విడివిడిగా పడుతున్నాయని నలుగురు రాశారు. అంటే ఒకరి కోపం కాదు, పదకొండు మంది చెప్పిన లోపం. కారణం వెతికితే తేలింది: మేం వాడిన గేమ్ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) యూనిటీ. అందులో తెర మీద రాత చూపించే టెక్స్ట్‌మెష్‌ప్రో అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పెడుతుందే గానీ భారతీయ లిపుల ఒత్తులను, గుణింతాలను తనంతట తాను కలపదు. గొడాట్ 4 అనే ఇంకో ఇంజిన్ కలుపుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇంజిన్ ఎంచుకునే ముందు "స్త్రీ", "రాష్ట్రం", "కృష్ణా" అన్న మూడు మాటలు తెర మీద వేసి చూడండి, చాలు. మేం అప్పటికప్పుడు బోర్డులను మళ్లీ బొమ్మలుగా మార్చి నాలుగు రోజుల్లో అప్‌డేట్ ఇచ్చాం.

ఎక్కించేటప్పుడు ఎవరెంతసేపు ఆడారో చూడండి. స్టీమ్‌లో ప్రతి రివ్యూ పక్కన ఆడిన గంటలు కనిపిస్తాయి. ముప్పై గంటలు ఆడి బాగాలేదన్నవాళ్లు మీ గేమ్‌ని ప్రేమించినవాళ్లు, వాళ్ల మాట రెండుసార్లు చదవండి. పది నిమిషాలు ఆడి తిట్టినవాళ్లకి గేమ్ తెరుచుకోకపోయి ఉండాలి, లేదా స్టోర్ పేజీ చూసి ఇంకేదో అనుకుని కొని ఉండాలి. అప్పుడు మార్చాల్సింది గేమ్‌ని కాదు, పేజీని. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలలోపు ఆడితే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. రీఫండ్ తీసుకున్నవాళ్ల మీద కోపం పెట్టుకోకండి, వాళ్లు రాసిన కారణాలు కూడా పుస్తకంలోకే.

పుస్తకంలోకి ఎక్కని రివ్యూలు కొన్ని మిగులుతాయి. "చెత్త", "డబ్బు దండగ", ఇంకా రాయలేని మాటలు. వాటిలో బండికేమైందో ఉండదు. వాటిని వదిలేయండి, జవాబు కూడా వద్దు.

జవాబు ఎలా రాయాలి

గూగుల్ ప్లేలో జవాబుకి 350 అక్షరాలే ఇస్తారు. అది మంచిదే. రాసినవాళ్లకి మీ జవాబు వచ్చిందని తెలుస్తుంది, వాళ్లు స్టార్లు మార్చుకోవచ్చు కూడా. మేం రెండోసారి రాసింది ఇది:

"నమస్తే అండి. బోర్డుల్లో ఒత్తులు విడిపోతున్నాయన్నది నిజమే, తప్పు మాదే. సరిచేసిన వెర్షన్ ఈరోజు పెట్టాం. అప్‌డేట్ చేసి ఇంకెక్కడైనా కనిపిస్తే స్టేషన్ పేరు చెప్పండి."

ఇందులో అతను తిట్టాడన్న ఊసు లేదు. మేం ఎంత కష్టపడ్డామో లేదు. మొదటి జవాబులో మా తాతగారి గురించి రాసినదాన్ని తీసేసి దీన్ని పెట్టాం. లోపం సరిచేయకముందే జవాబు రాయాల్సి వస్తే "చూస్తున్నాం" అని మాత్రం రాయండి, తేదీ ఇవ్వకండి. సరయ్యాక మళ్లీ వెళ్లి చెప్పండి.

రాసింది పంపే ముందు రెండో మనిషికి చూపించండి. మీ జవాబు ఆ ఒక్కరికే కాదు, కొందామా వద్దా అని చూస్తున్న వాళ్లందరికీ కనిపిస్తుంది. మిమ్మల్ని ఇష్టపడే అభిమానులు తిట్టినవాళ్ల మీదకి వెళ్తామంటే గట్టిగా ఆపండి. మీ తరఫున వాళ్లు తిట్టినా ఆ మాట మీదే అవుతుంది.

కెనడాలో ఫెజ్ గేమ్ చేసిన ఫిల్ ఫిష్ 2013 జూలైలో ట్విట్టర్‌లో జరిగిన ఒక వాదన తర్వాత ఫెజ్ 2ని రద్దు చేసి తప్పుకున్నాడు. వియత్నాంలో ఒక్కడే కూర్చుని ఫ్లాపీ బర్డ్ చేసిన డాంగ్ గుయెన్ 2014 ఫిబ్రవరిలో, లోకమంతా ఆడుతుండగానే, ఇక భరించలేనని దాన్ని స్టోర్ల నుంచి తీసేశాడు. వాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. తప్పుకోవడం కూడా ఒక దారే. మీకూ అలా అనిపిస్తే, నిర్ణయం మాత్రం రాత్రి తీసుకోకండి, ప్రకటన పెట్టకండి. వారం రోజులు ఖాతా ఇంకొకరి చేతికిచ్చి ఎటైనా వెళ్లి రండి.

మన వైపు ప్రత్యేకంగా వచ్చే గొడవ: భాష

సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇది తప్పదు. మా గేమ్‌లో బండి ఎక్కే ముసలమ్మ "ఎక్కడికెల్తన్నావు బాబూ" అంటుంది. కోస్తా నుంచి ఒకరు "ఇదేం తెలుగు, కామెడీగా ఉంది" అన్నారు. మా గజపతి జిల్లా బండిలో, భాషల వరసలో ఒడియా రెండోది ఎందుకైందని ఇంకొకరు. మీరు ఒడిశావాళ్లా ఆంధ్రావాళ్లా తేల్చుకోమని ఇద్దరు ముగ్గురు. ఈ చివరిదానికి జవాబు ఇవ్వకండి. ఏ జవాబిచ్చినా సగం మంది మీద పడతారు, ఆ వాదన మీ గేమ్‌తో మొదలవలేదు, మీ గేమ్‌తో ఆగదు.

మొదటి రెండిటినీ మాత్రం విడదీసి చూడండి. యాస మీద వచ్చినదాన్ని మేం మార్చలేదు. ఆ ముసలమ్మ మా అమ్మమ్మలాగే మాట్లాడుతుంది, అలాగే మాట్లాడాలి. కాకపోతే మెనూలు, సూచనలు యాసలో ఉంటే వేరే జిల్లావాళ్లకి అర్థం కాదన్నది న్యాయమే, వాటిని అందరికీ తెలిసిన తెలుగులోకి మార్చాం. ఒడియా మాటకొస్తే, వరస గురించి రాసిన అతనే కింద రెండు అనువాద తప్పులు చూపించాడు, రెండూ నిజం. మేం ఒడియా మాట్లాడగలం గానీ రాత పని బడిలో ఒడియా చదువుకున్నవాళ్లతో చేయించి ఉండాల్సింది. తర్వాత అతన్నే అడిగాం, డబ్బిచ్చి చేయించుకున్నాం. మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషే ముందు వచ్చేలా పెట్టాక వరస గొడవ చాలావరకు తగ్గింది.

పెదనాన్నగారి విమర్శ కూడా ఇక్కడే చెప్పాలి, అన్నిటికంటే కష్టంగా అనిపించింది అదే. ఫోన్ చేతిలో పెడితే ఒక స్టేషను ఆడి, లేచి నిలబడి, తువ్వాలు చేత్తో పట్టుకుని జెండా ఊపి చూపించారు. "నేను ఆకుపచ్చ ఊపాకే కదా డ్రైవరు కూతెయ్యాల? మీ బండి ముందే కూసేస్తంది." మేం ఆరు నెలలు చేసిన యానిమేషన్ అది. మార్చడానికి మూడు వారాలు పట్టింది.

తిట్టు బెదిరింపుగా మారితే

తిట్లు వదిలేయొచ్చు. బెదిరింపును వదలకూడదు. చంపుతాం, ఇంటికొస్తాం, నీ ఫొటో పెడతాం, ఇవి బెదిరింపులు. ఆడపిల్లలు గేమ్ చేస్తున్నారని తెలిస్తే ఇవి వేరే రకంగా, ఎక్కువగా వస్తాయి. మా చెల్లికి వచ్చాయి. ఇక్కడ సిగ్గుపడాల్సింది రాసినవాడు, చదివిన పిల్ల కాదని ఇంట్లోవాళ్లు ముందే చెప్పి ఉంచాలి.

వరస ఇది. బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీయండి, అందులో తేదీ, సమయం, ఖాతా పేరు కనిపించాలి. ప్రొఫైల్ లింకు విడిగా కాపీ చేసి పెట్టుకోండి. అసలు మెసేజ్ డిలీట్ చేయకండి, ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడుగుతారు, అసలు పరికరం ఉంటే పని తేలిక. ఇవి అయ్యాక రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. అదే రోజు ఇంట్లో చెప్పండి.

ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టొచ్చు. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాలకి. ప్రాణానికి బెదిరింపైతే నేరుగా స్టేషన్‌కి వెళ్లండి. మన వైపు వచ్చే చిక్కు ఏమిటంటే, బెదిరించినవాడు శ్రీకాకుళంలో ఉండొచ్చు, హైదరాబాద్‌లో ఉండొచ్చు, మీరు ఒడిశాలో ఉన్నారు. "మాది కాదు, అక్కడికెళ్లండి" అంటే ఒప్పుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు కోర్టు అనుమతి లేకుండా దర్యాప్తు చేయగల (కాగ్నిజబుల్) నేరమైతే అది ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు, అలా నమోదు చేసిన కేసునే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. బెదిరింపుకి భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ ఉంది, పేరు దాచుకుని బెదిరిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది. ఆడవాళ్లను ఆన్‌లైన్‌లో వెంటాడితే 78వ సెక్షన్. ఎవరైనా ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద పెట్టమంటే, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసిందని చెప్పండి. కాగితం ఒడియాలో రాస్తారు కాబట్టి ఒడియా బాగా చదవగల మనిషిని వెంట తీసుకెళ్లండి, చదివించుకుని సంతకం పెట్టండి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఒకటి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తెచ్చుకోండి.

ఒక్కసారిగా పదుల కొద్దీ ఒకే రకం రివ్యూలు పడితే, వాటిలో లోపం ఏదీ లేకపోతే, ఎవరో పురమాయించి ఉండొచ్చు. వాటిని మీరు తీయలేరు, రిపోర్ట్ చేయగలరు. గేమ్‌తో సంబంధం లేని కారణంతో గుంపుగా పడ్డ రివ్యూలను స్టీమ్ 2019 నుంచి స్కోరు లెక్కలోంచి తీసేస్తోంది. చిన్న గేమ్‌లు పెట్టుకునే ఇచ్ డాట్ ఐవో సైట్‌లో అయితే కామెంట్లనే మీరు ఆపేయొచ్చు. గొడవ నడిచే వారం రోజులు ఆపేసి తర్వాత తెరవండి. అభిమానులు మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో గ్రూపు పెట్టుకుంటే స్లో మోడ్ (ఒక్కరు వరసగా మెసేజ్‌లు పంపకుండా ఆపేది), ఆటోమోడ్ (చెడు మాటలను తనంతట తానే ఆపేది) రెండూ మొదటి రోజే ఆన్ చేయండి.

చేసిన మనిషిని చూసుకోవడం

మా చెల్లి ఆ రెండు రోజులు సరిగా తినలేదు. నేను అది టెన్షన్ అనుకున్నాను, అలసట అనుకున్నాను. మూడు రోజులు దాటి నిద్ర పట్టకపోయినా, పని మీదకి చేయి వెళ్లకపోయినా ఎవరితోనైనా మాట్లాడించండి. మానసిక సాయానికి ఉన్న టెలీమానస్ నంబరు 14416, ప్రభుత్వానిది, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. డాక్టర్ దగ్గరకి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లకి ఇంట్లో కూర్చుని మాట్లాడే వీలు అది.

మంచి మాటలకి కూడా పుస్తకంలో చోటివ్వండి, వెనక పేజీల్లో. మేం అది ఆలస్యంగా మొదలుపెట్టాం. కాశీనగర్ నుంచి ఒకాయన, చిన్నప్పుడు నాన్నతో ఆ బండెక్కి పర్లాకిమిడి సంతకి వచ్చేవాణ్నని, కూత వినగానే గేమ్ ఆపేసి కాసేపు కూర్చున్నానని రాశారు. చెల్లి దాన్ని తన చేత్తో ఎక్కించింది.

నెలకోసారి ఇద్దరూ కూర్చుని ముందు పేజీల్లో సరిచేసినవి కొట్టేయండి. అప్‌డేట్ వివరాల్లో ప్రతి మార్పు పక్కనా "ఆడినవాళ్లు చెప్పినది" అని రాయండి, పేర్లు వద్దు. మా మొదటి పేజీలో కొట్టేయని వరసలు ఇంకా రెండున్నాయి: వానలో ఇంజిన్ శబ్దం తగ్గడం లేదు, పాత ఫోన్లలో గుణుపురం స్టేషన్ దగ్గర బండి ఆగి ఆగి కదులుతోంది. రెండోది ఈ వారం చెల్లి చూస్తోంది.